త్రిభుజాల లెక్కల్లో ఎక్కడ జాగ్రత్తపడాలి?

జేఈఈ, ఈఏపీసెట్ లాంటి పరీక్షల్లో త్రిభుజాల దగ్గర మార్కులు పోయేది ఎక్కువగా సూత్రం మర్చిపోయి కాదు. సూత్రం గుర్తుంటుంది కానీ, దాన్ని ఎలాంటి త్రిభుజానికి వాడుతున్నామో చూసుకోం. జేఈఈ మెయిన్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు కోత కూడా ఉంది కాబట్టి ఈ అలవాటు ఇప్పుడే మార్చుకోండి.

అన్నిటికంటే ప్రమాదం సైన్ సూత్రంతో కోణం కనుక్కోవడంలో ఉంది. 60 డిగ్రీలకూ 120 డిగ్రీలకూ సైన్ విలువ ఒకటే. ఒక కోణం 30 డిగ్రీలు, దాని ఎదుటి భుజం 5, పక్క భుజం 8 అనుకోండి. 8ని 30 డిగ్రీల సైన్‌తో గుణిస్తే 4 వస్తుంది. ఎదుటి భుజం 4కీ 8కీ మధ్య ఉంది కాబట్టి ఇక్కడ రెండు త్రిభుజాలు వస్తాయి. మూడో భుజం 4√3 + 3 కావచ్చు, 4√3 − 3 కూడా కావచ్చు. అదే ఎదుటి భుజం సరిగ్గా 4 అయితే ఒకే ఒక్క లంబకోణ త్రిభుజం. 4 కంటే తక్కువైతే త్రిభుజమే లేదు. మూడు భుజాలూ ఇస్తే మాత్రం కొసైన్ సూత్రమే వాడండి. విలువ రుణాత్మకంగా వస్తే అది అధిక కోణమని అక్కడే తెలిసిపోతుంది.

రెండు భుజాలను వాటి ఎదుటి కోణాల కొసైన్‌లతో గుణిస్తే సమానం అన్నారనుకోండి. చాలామంది వెంటనే సమద్విబాహు త్రిభుజం అని గుర్తు పెట్టేస్తారు. ఆ రెండు కోణాల మొత్తం 90 డిగ్రీలైనా ఆ సమీకరణం నిజమే, కాబట్టి లంబకోణ త్రిభుజం కూడా కావచ్చు.

సూత్రం మీద అనుమానం వస్తే టెన్షన్ పడకుండా 3, 4, 5 భుజాల త్రిభుజంతో పరీక్షించండి. దాని వైశాల్యం 6, అంతర వ్యాసార్ధం 1, పరివ్యాసార్ధం 2.5, బాహ్య వృత్తాల వ్యాసార్ధాలు 2, 3, 6. ఈ మూడింటి మొత్తంలోంచి అంతర వ్యాసార్ధం తీసేస్తే 10, అంటే పరివ్యాసార్ధానికి నాలుగు రెట్లు. అయితే కొన్ని సంబంధాలు లంబకోణ త్రిభుజానికే పనిచేస్తాయి కాబట్టి సమబాహు త్రిభుజంతో కూడా ఒకసారి చూడాలి. అందులో పరివ్యాసార్ధం అంతర వ్యాసార్ధానికి సరిగ్గా రెట్టింపు. ఏ త్రిభుజంలోనూ అంతకంటే తగ్గదు, ఆప్షన్లు కొట్టేయడానికి ఇది బాగా పనికొస్తుంది.

సిలబస్ మాత్రం పాత పుస్తకం చూసి నమ్మకండి, ఈ ఏడాది ఇచ్చిందే చూడండి.

నిరూపక రేఖాగణితంలో మూడు శీర్షాలు ఇస్తే సమీకరణాలు రాసే ముందు భుజాల వర్గాలు లెక్కించండి. లంబకోణ త్రిభుజమైతే లంబకేంద్రం లంబకోణ శీర్షమే, పరికేంద్రం కర్ణం మధ్యబిందువే. అంతర కేంద్రానికి ప్రతి శీర్షాన్నీ దాని ఎదుటి భుజంతో గుణించాలి, పక్క భుజంతో కాదు. ఆ బిందువు ఎప్పుడూ త్రిభుజం లోపలే ఉంటుంది. చిత్తు బొమ్మలో బయట పడిందంటే లెక్క మళ్లీ చూసుకోండి.