ఈస్ట్‌తో ప్రోటీన్ తీసే స్టార్టప్‌కి బిగ్ గ్రాంట్: ఫారంలో ఏం రాయాలి

మొదటిసారి అప్లై చేసినప్పుడు ఫారంలో సగం మార్కెట్ గురించే నింపాం. ఇంటర్వ్యూలో ఒకాయన అవేవీ చూడకుండా "లీటరుకి ఎన్ని గ్రాములు వస్తోందమ్మా?" అన్నారు. నేను నీళ్లు నమిలాను. అంతే, మళ్లీ అప్లికేషన్లు పిలిచేదాకా ఆగాల్సి వచ్చింది.

బిగ్ అంటే కేంద్రం వారి బయోటెక్ సంస్థ బైరాక్ స్టార్టప్‌లకి ఇచ్చే గ్రాంట్. 50 లక్షల దాకా, 18 నెలలకి. కంపెనీలో వాటా అడగరు. ఏటా జనవరి 1న ఒకసారి, జులై 1న ఒకసారి అప్లికేషన్లకి కాల్ తెరుస్తారు. మన వైపు వాళ్లకి జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ దీనికి పార్ట్‌నర్, రాసే ముందే వాళ్లతో ఒకసారి మాట్లాడండి.

మాలాగా పికియా అనే రకం ఈస్ట్ వాడుతుంటే, అదే ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాల్లో తేల్చేయండి. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్ బి టీకా ఈ ఈస్ట్‌లో చేసిందే, బయలాజికల్ ఇ వారి కార్బెవాక్స్‌లోని ప్రోటీన్ కూడా అంతే, కాబట్టి ప్యానెల్‌కి పికియా పాఠం చెప్పక్కర్లేదు. మీ ప్రోటీన్‌తో ఎక్కడ చిక్కొస్తుందో చెప్పండి, వాళ్లకి కావాల్సింది అదే.

మేం చేస్తున్నది కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ఓవాల్బ్యుమిన్. ప్రోటీన్లని సైజుని బట్టి విడదీసే జెల్ మీద 45 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర సన్నటి గీత పడాలి. మాకు పడింది అక్కడి నుంచి పైదాకా పాకిన మసక, స్లేటు మీద తడిచేత్తో తుడిచినట్టు. ఈస్ట్ ప్రోటీన్‌కి చక్కెర గొలుసులు తగిలించేస్తుంది, ఆ మసక అదే. మొదటిసారి ఆ ఫొటో దాచేశాం. రెండోసారి అదే పెట్టి, పక్కనే చక్కెరలు కోసేసే ఎంజైమ్ వేశాక గీత కిందికి దిగిన ఫొటో కూడా పెట్టి, ఈ గ్రాంట్ డబ్బుతో దీన్ని స్ట్రెయిన్‌లోనే, అంటే ఈస్ట్‌నే మార్చి, ఎలా సరిచేస్తామో రాశాం. ఇంటర్వ్యూ అంతా దాని మీదే నడిచింది. ఫలితం బాగోలేదని ఫొటో తీసేయకండి, ప్లీజ్.

మైలురాళ్లలో అంకెలు ఉండాలి. "దిగుబడి పెంచుతాం" అని రాస్తే ఎవరూ నమ్మరు. 6 నెలలకి బాగా ప్రోటీన్ ఇచ్చే ఈస్ట్ క్లోన్ల ఎంపిక, 12 నెలలకి ఫ్లాస్క్‌లో ఇంత, 18కి 5 లీటర్ల ఫెర్మెంటర్‌లో (గాలి పంపుతూ ఈస్ట్ పెంచే ట్యాంకు) లీటరుకి ఇన్ని గ్రాములు అని గీత గీసినట్టు రాయండి. ఫ్లాస్క్ అంకె చిన్నగా ఉందని టెన్షన్ పడకండి. పికియాతో ప్రోటీన్ చేయించడానికి దానికి మెథనాల్ పెడతాం, అది తింటున్నప్పుడు ఈ ఈస్ట్‌కి ఆక్సిజన్ విపరీతంగా కావాలి, ఫ్లాస్క్‌ని ఎంత ఊపినా అది సరిపోదు. ఫెర్మెంటర్‌లో గాలి అందుతుంది గానీ అంతే స్థాయిలో వేడి పుడుతుంది, కాబట్టి చల్లబరిచే ఏర్పాటు ఏంటని కచ్చితంగా అడుగుతారు. మెథనాల్ నిప్పంటుకునే సరుకు, ఎక్కడ దాస్తారో కూడా రాసి పెట్టండి.

ఫెర్మెంటర్ కొంటామని బడ్జెట్‌లో రాయకండి, సగం డబ్బు దానికే పోతుంది. స్టార్టప్ ఇంక్యుబేటర్‌లోనో యూనివర్సిటీలోనో అద్దెకి తీసుకుంటామని ఒక ఉత్తరం జత చేస్తే చాలు.

జన్యువు మార్చిన ఈస్ట్ కాబట్టి బయోసేఫ్టీ కమిటీ అనుమతి కావాలి, దాని కాగితాలు ఈ వారమే మొదలుపెట్టండి. ఇంకొకటి, మీ మంచి క్లోన్‌ని గ్లిసరాల్ కలిపి స్టాక్ చేసి రెండు వేర్వేరు బిల్డింగుల్లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లలో పెట్టండి. మే నెలలో మాకు ఒక రాత్రంతా కరెంట్ పోయి, జనరేటర్ ఆన్ కాక, పొద్దున వెళ్లేసరికి ట్యూబులన్నీ నీళ్లలో తేలుతున్నాయి.