బ్లేజరు ఆన్‌లైన్‌లో కొనే ముందు భుజం చూడండి

నేను ఆల్టరేషన్లు చేసే దర్జీని. ఆన్‌లైన్‌లో కొన్న బ్లేజరు తెచ్చి “మాస్టర్ గారూ, కొంచెం సరిచేసి పెట్టండి” అనేవాళ్లలో చాలామందికి ఇబ్బంది భుజం దగ్గరే. చేతుల పొడవు తగ్గించగలను, నడుము బిగించగలను. వెనక మధ్య కుట్టు లోపల గుడ్డ వదిలి ఉంటే కాస్త వదులూ చేయగలను. భుజం జారిందంటే మాత్రం చేతులు ఊడదీయాలి, ప్యాడ్లు తీయాలి, కాలరు దాకా విప్పాలి. ఆ కూలికి బదులు ఇంకో బ్లేజరే కొనుక్కోవచ్చు. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం డబ్బు కూడబెట్టి కొన్న పిల్లలకు ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టం.

అందుకే 38, 40 అనే సైజులను మాత్రమే నమ్ముకోకండి. ఒకరి పట్టికలో అది ఒంటి కొలత, ఇంకొకరి పట్టికలో బట్ట కొలత. ఆ రెంటిలో ఏ కొలతో రాసి లేకపోతే అమ్మేవారిని అడగండి. మీకు భుజాలు చక్కగా కుదిరిన పాత బ్లేజరో చొక్కానో మంచం మీద పరిచి, వెనక వైపు ఒక భుజం చివర చేయి అతికిన కుట్టు నుంచి రెండో భుజం చివర అదే కుట్టు వరకు టేపుతో కొలవండి. పేజీలో ఇచ్చిన భుజం కొలత దానికి దగ్గరగా ఉండాలి. ఛాతీ దగ్గర బట్ట మీ ఒంటికంటే 3, 4 అంగుళాలు ఎక్కువ ఉంటేనే చేయి ఆడుతుంది.

ఫొటోల్లో బొమ్మకు తొడిగిన బ్లేజరు నడుము దగ్గర అంత అందంగా కనిపిస్తే, వెనక క్లిప్పులు పెట్టి ఉండవచ్చు. కొన్నవాళ్లు పగటి వెలుగులో తీసి పెట్టిన ఫొటోలే నాకు నమ్మకం. గళ్ల గుడ్డ అయితే ఫొటోను పెద్దది చేసి జేబు మూత చూడండి. మూత మీది గీతలు చుట్టూ బ్లేజరు మీది గీతలతో కలిశాయంటే, గుడ్డ ఎక్కువ పట్టినా కత్తిరించినవాడు వెనకాడలేదు. అక్కడ జాగ్రత్త పడినవాళ్లు మిగతా చోట్ల కూడా పడతారని నా అనుభవం. లోపలి వైపు ఫొటో ఒక్కటీ లేకపోతే నేనైతే కొనను.

గుడ్డ విషయంలో శాతాలు కావాలి. శాతం చెప్పకుండా “ఊలు కలిసినది” అంటే ఏమీ చెప్పనట్టే. టీఆర్ అంటే పాలిస్టరు, విస్కోస్ కలిసిన గుడ్డ. ముడతలు తక్కువ, ధర తక్కువ, ఏసీ ఆఫీసుకు చెడ్డదేమీ కాదు. “సూపర్ 120” వంటి అంకె ఊలు పోగు ఎంత సన్నదో చెబుతుంది, ఎన్నాళ్లు మన్నుతుందో కాదు. పూర్తి పాలిస్టరు మీద ఆ మాట కనిపిస్తే అనుమానించండి. వైశాఖంలో పెళ్లికి వేసుకునేదైతే, వీపు సగం వరకే అస్తరు వేసిన రకం వెతకండి. పాలిస్టరు అస్తరు వీపంతా ఉంటే ఉక్కపోతే.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. కింది కాజా పక్కన పై గుడ్డను ఒక చేత్తో, లోపలి గుడ్డను ఇంకో చేత్తో పట్టి విడదీయండి. మధ్యలో మూడో పొర విడిగా జారుతూ తగిలితే అది బ్లేజరు ఆకారం నిలపడానికి లోపల కుట్టిన కాన్వాస్ గుడ్డ. తగలకపోతే అక్కడ ఉన్నది పై గుడ్డకు జిగురుతో అంటించిన పొర, అంటే ఫ్యూజింగ్. మంచి ఫ్యూజింగ్ ఏళ్ల తరబడి ఉంటుంది. నాసిరకమైతే డ్రైక్లీనింగ్ తర్వాత ఛాతీ మీద బుడగలు లేస్తాయి, వాటిని ఇస్త్రీ కూడా పోగొట్టలేదు.

తర్వాత చొక్కా మీద తొడుక్కుని, బొత్తం పెట్టి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నట్టు చేయి ఎత్తి దించండి. దించాక మెడ వెనక బ్లేజరు కాలరు చొక్కా కాలరును అంటిపెట్టుకుని ఉండాలి. మధ్యలో వేలు దూరేంత సందు ఉంటే తిప్పి పంపేయండి. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోబోమని అడ్డం తిరిగితే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఉంచుకోవాలని తేలేవరకు ట్యాగులు కత్తిరించకండి. తేలాక, వెనక చీలికను పట్టి ఉంచిన అడ్డకుట్టు విప్పండి, చేతి అంచు మీద బయటికి కుట్టిన కంపెనీ చీటీ కూడా తీసేయండి. ఆ కుట్టు దుకాణం దాకా నలగకుండా రావడానికి వేసింది, చీటీ దుకాణంలో కంపెనీ పేరు కనిపించడానికి పెట్టింది.