జ్వరం తగ్గిన రోజే ఎక్కువ కనిపెట్టాలి

వానలు ముదిరితే ఫీవర్ వార్డులు నిండిపోతాయి. ఈ నెలల్లో పోస్టింగ్‌కు వెళ్లే నర్సింగ్ విద్యార్థులకు డెంగీ రోగులు తప్పక ఎదురవుతారు. వార్డులో అడుగు పెట్టేముందే ఒక మాట మనసులో నాటుకోవాలి: టెంపరేచర్ చార్టులో గీత కిందికి దిగినంత మాత్రాన రోగి గట్టెక్కినట్టు కాదు.

జ్వరం మొదలయ్యాక సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య ఒళ్లు చల్లబడుతుంది. కొందరికి సరిగ్గా అప్పుడే రక్తనాళాల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి ఊరడం మొదలవుతుంది. ఆ గండం 24 నుంచి 48 గంటలు ఉంటుంది. ఇంటివాళ్లు "జ్వరం పోయింది సిస్టర్, ఇక తీసుకెళ్తాం" అనేదీ అప్పుడే. వాళ్లను విసుక్కోవద్దు. ఇంకా రెండు రోజులు ఎందుకు ఉండాలో కూర్చుని చెప్పండి.

బీపీలో పై అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి. ఉదయం 110/70 ఉన్న మనిషికి మధ్యాహ్నం 100/80 వచ్చిందనుకుందాం. విడిగా చూస్తే ఏ అంకే భయపెట్టదు. కానీ రెండింటి మధ్య తేడా 40 నుంచి 20కి పడిపోయింది. డెంగీలో అది షాక్‌కు, అంటే అవయవాలకు రక్తం సరిగా అందని స్థితికి గుర్తు. నాడి సన్నగా, వేగంగా కొట్టుకున్నా, పాదాలు చల్లగా తగిలినా, గోరు నొక్కి వదిలాక ఎరుపు తిరిగి రావడానికి 2 సెకన్లు దాటినా వెంటనే స్టాఫ్ నర్సుకు చెప్పి డాక్టరును పిలిపించాలి. రౌండ్స్ దాకా ఆగకూడదు. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత, అశాంతి కూడా అంతే. ప్లేట్‌లెట్ల సంఖ్య గురించి అందరూ అడుగుతారు. మీరు మాత్రం దాని పక్కనే ఉన్న హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) కూడా చూడండి. అది పెరుగుతోందంటే ప్లాస్మా కారుతోందన్నమాట.

మూత్రం కొలిచి రాయాలి, అంచనాగా కాదు. 50 కిలోల మనిషికి గంటకు కనీసం 25 మిల్లీలీటర్లు రావాలి. సెలైన్ ఎక్కువైనా ముప్పే. ఆయాసం, దగ్గు వస్తే డ్రిప్ వైపు చూడండి.

జ్వరానికి, నొప్పులకు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకూడదు. కండకు ఇంజెక్షన్ వద్దు, లోపల రక్తం గడ్డకడుతుంది. దానిమ్మ, బీట్‌రూట్ రసాలు కూడా ఈ కొద్దిరోజులు మాన్పించండి. వాంతి ఎర్రగా పడితే అది రసమో రక్తమో తెలియక తికమకపడాల్సి వస్తుంది.

జ్వరం ఉన్నన్నాళ్లూ రోగికి పగలు కూడా దోమతెర కట్టాలి. ఈ దోమ కుట్టేది పగటిపూటే. రోగిని కుట్టిన దోమ మరొకరికి జబ్బు మోస్తుంది.

ఇక మీ సంగతి. రక్తం తీశాక సూదికి మూత తిరిగి పెట్టకండి. నేరుగా తెల్లటి షార్ప్స్ డబ్బాలో వేయండి. పొరపాటున గుచ్చుకుంటే వేలు పిండకుండా సబ్బుతో, పారే నీటితో కడిగి, అప్పుడే ఇన్‌చార్జికి చెప్పండి. తిడతారని దాచవద్దు. హెచ్ఐవీ నివారణ మందులు అవసరమైతే 72 గంటల లోపే, వీలైతే మొదటి 2 గంటల్లోనే మొదలుపెట్టాలి.