పాత ఇంటికి నప్పేలా పూల్ హౌస్ కట్టడం ఎలా?

పూల్ హౌస్ అంటే ఈతకొలను పక్కన బట్టలు మార్చుకోవడానికి, కూర్చోవడానికి కట్టే చిన్న ఇల్లు. పెంకుటింటి పక్కన గాజు డబ్బా లాంటిది లేపితే, అది దారి తప్పి వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది. పోనీ అని ఇంటినే అచ్చుగుద్దినట్టు చిన్నగా కడితే బొమ్మరిల్లయిపోతుంది. ఇంటి నుంచి రెండు మూడు లక్షణాలు అరువు తెచ్చుకుంటే చాలు.

ముందు టేపు తీసుకుని పాత ఇంటిని కొలవండి. అన్నిటికన్నా ముఖ్యం కప్పు వాలు. మట్టం చూసే స్పిరిట్ లెవెల్‌ను అడ్డంగా, బుడగ మధ్యలో నిలిచేలా పట్టుకుని ఒక కొసను కప్పుకు ఆనించండి. అక్కణ్నుంచి 12 అంగుళాల దగ్గర కప్పు దాకా కిందికి కొలవండి. 7 అంగుళాలు వస్తే వాలు సుమారు 30 డిగ్రీలు. కొత్త కప్పుకూ అదే పెట్టండి. ఇది తప్పితే మిగతావన్నీ కలిసినా కంటికి ఆనదు. కిటికీల సైజు తగ్గించవచ్చు, పొందిక మాత్రం చెడకూడదు: ఇంటి కిటికీ 3 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు అయితే ఇక్కడ 2 బై 3 పెట్టండి.

తర్వాత చోటు. అనుకున్న చోట నాలుగు గడలు పాతి, చూరు ఎత్తులో తాడు కట్టి రెండు మూడు రోజులు వదిలేయండి. వంటగదిలోంచి, మేడ మీంచి చూడండి. నీళ్లలో ఉన్న పిల్లలు ఇంట్లోవాళ్లకు కనబడకపోతే జరపాల్సిందే, ఎంత అందమైన చోటైనా సరే. సాయంత్రం నీడ ఎటు పడుతుందో కూడా గమనించండి. అనుమతులు, కొలను చుట్టూ కంచె నిబంధనలు ఈ దశలోనే కనుక్కోండి.

లోపలి ప్లాన్‌లో చిక్కంతా తడికాళ్లతోనే. బాత్రూమ్ తలుపు కొలను వైపే తెరుచుకోవాలి. కూర్చునే గదిలోంచి నడిచి వెళ్లే పని ఉండకూడదు. నున్నటి పలకలు వద్దు, గరుకువి వేయండి. బయటి నేలకు మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు, అదీ నీళ్లు గోడ నుంచి అవతలికి పోయేలా. కరెంటుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్ అయ్యే బ్రేకర్ తప్పనిసరి.

పంపు గది వెనక వైపు, బయటి తలుపుతో, గాలి ఆడేలా ఉండాలి. క్లోరిన్, యాసిడ్ ఒకే అరలో పెట్టొద్దు. కలిస్తే విషవాయువు పుడుతుంది. క్లోరిన్ ఆవిరి ఇనుప మడతబందులను తినేస్తుంది కాబట్టి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తెచ్చుకోండి.

చివరికి కప్పు. పాత పెంకులు మిగిలి ఉంటే అవన్నీ ఇంటికి ఎదురుగా కనబడే వాలుకు వాడి, కొత్తవి వెనక్కి నెట్టండి. ఒకే వాలులో రెండూ కలపకండి. కొలతలో కాస్త తేడా ఉన్నా ఒకదానికొకటి సరిగ్గా కూర్చోవు, మొదటి వానకే కారుతుంది.