పాత నాయకుల పుస్తకాలను చర్చకు పెట్టే పద్ధతి

ఒంగోలులోనో నెల్లూరులోనో నలుగురు చదువరులు కలిసి రాజకీయ చరిత్రను చర్చించదలిస్తే, ముందుగా నాయకుణ్ణి కాక ఒక వివాదాన్ని ఎంచుకోవాలి. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం, మద్యనిషేధ వివాదంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఎందుకు ఓడిపోయిందన్న ప్రశ్న ఒక సాయంత్రానికి సరిపోతుంది.

ఇందుకు ప్రకాశం ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’ను సిఫారసు చేయవచ్చు. అయితే దాని చివరి భాగాన్ని రాసినది ప్రకాశం కాదనీ, ఆయన మంత్రివర్గ సహచరుడైన తెన్నేటి విశ్వనాథమనీ ముందే చెప్పాలి. చెప్పకపోతే సహచరుడి సమర్థన నాయకుడి వాంగ్మూలంగా చెలామణి అవుతుంది. ఒకే పక్షం వినిపించకుండా, నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య ఆత్మకథ ‘విప్లవ పథంలో నా పయనం’ను జోడించి, నాటి కమ్యూనిస్టుల ఆలోచనా ధోరణిని తెలుసుకోవాలి. ఓటింగు వివరాలకు మాత్రం శాసనసభ చర్చల నివేదికలే ఆధారం.

చర్చలో ప్రతి వాదనకూ పుట సంఖ్య చూపాలి. నాయకుడు చేసిన పనినీ, అతనికి మనం అంటగట్టే ఉద్దేశాన్నీ వేరుచేయాలి. జిల్లాకే పేరు పెట్టుకున్న నాయకుణ్ణి విమర్శిస్తే ఇక్కడ కొందరికి నొప్పి కలగడం సహజమే కాని, ఆ మొహమాటంతో ప్రశ్నను వదిలేయకూడదు. పుస్తకం చదవకుండా వచ్చినవారిని ప్రశ్నలకే పరిమితం చేయాలి.