ట్రైలర్ ముందు భాగానికి కంకర దెబ్బలు తగలకుండా

ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) తగిలించుకుని అలాస్కా వెళ్లే ఆలోచన ఉంటే ఇది చూసుకోండి. అక్కడి 414 మైళ్ల డాల్టన్ హైవేలో చాలా భాగం కంకర రోడ్డే. ట్రైలర్ ముందు భాగాన్ని సొట్టలు పెట్టే రాళ్లలో ఎక్కువ ఎదురొచ్చే లారీలవి కావు, ట్రైలర్‌ని లాగే మన పికప్ ట్రక్కు వెనక చక్రాలు లేపినవే. అందుకే ముందుగా హిచ్ (ట్రైలర్‌ని తగిలించే కొక్కెం) దగ్గర బండి వెడల్పంతా వచ్చేలా రబ్బరు మడ్ ఫ్లాప్స్ బిగించండి. అవి సైలెన్సర్ గొట్టానికి ఆనితే కరిగిపోతాయి, జాగ్రత్త.

తర్వాత ట్రైలర్ ముందువైపు కింది సగానికి దళసరి ఫోమ్ కట్టండి. పాత యోగా మ్యాట్లయినా పర్లేదు. గట్టి రేకు కొట్టారో, రాయి దానికి తగిలి బంతిలా వెనక్కి ఎగిరి పికప్ వెనక అద్దాన్నే పగలగొట్టొచ్చు. మెత్తటిదైతే ఆ దెబ్బను మింగేస్తుంది. ఫోమ్ వదులుగా ఊగకూడదు. మధ్యలో దుమ్ము చేరితే ఉప్పుకాగితంలా పెయింట్‌ని గీకేస్తుంది. వెండి రంగు టేపు ఎండకు జిగురు కక్కుతుంది కాబట్టి బెల్టులే నయం.

చాలామంది మరిచేది కింద వేలాడే బ్రేకు వైర్లు, నీళ్ల ట్యాంకు డ్రెయిన్ వాల్వు. పొడుగునా చీల్చిన హోస్ పైపు ముక్క తొడిగితే చాలు. గ్యాస్ రెగ్యులేటర్‌కీ ఏదైనా కవర్ వేయండి.

దుమ్ము లేవకుండా అక్కడ కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. అది ఇనుముని తినేస్తుంది. తారు రోడ్డెక్కగానే, ఆరి గట్టిపడకముందే, ఫోమ్ విప్పి కిందివైపు కూడా బాగా కడిగించండి.