తెర చూపింది మూడో బోర్డును, చెడింది అయిదోది

అనంతపురం శివార్లలోని మా సౌర విద్యుత్ కేంద్రంలో, ఉరుముల వాన కురిసిన మరునాడు డేటా సేకరణ వ్యవస్థ మొదలే కాలేదు. ఎర్ర దీపం, తెరపై ఒకే మాట: మూడో బోర్డు స్పందించడం లేదు. నమ్మి కొత్త బోర్డు పెట్టాను. ఈసారి సున్నా బోర్డు (లెక్క సున్నా నుంచి మొదలు) కూడా కనబడలేదు! కొత్త బోర్డు మీద దాని నంబరును నిర్ణయించే చిరునామా స్విచ్‌లన్నీ సున్నాలోనే ఉన్నాయి. రెండు బోర్డులకూ ఒకే చిరునామా అన్నమాట. సరిచేశాక మళ్లీ పాత తప్పే.

అప్పుడు మల్టీమీటర్ తీశాను. నిజానికి మొదటే తీయవలసింది. 5 వోల్టుల సరఫరా 4.6 దగ్గర ఉంది. ఈ బోర్డులకు 4.75 కన్నా తగ్గకూడదు. ఒంటిమీది స్థిర విద్యుత్తు బోర్డులను చెడగొట్టకుండా మణికట్టుకు ఎర్త్ పట్టీ కట్టుకుని, బోర్డులన్నీ తీసి ఒక్కొక్కటే పెడుతూ కొలిచాను. పెట్టే ప్రతిసారీ కరెంటు ఆపాలి. లేకపోతే మంచి బోర్డూ కాలిపోవచ్చు. నాలుగో బోర్డు వరకు 5.02. అయిదోది పెట్టగానే 4.6.

ప్యానెళ్ల ఉష్ణోగ్రత కొలిచే పొడవాటి తీగ వచ్చేది దానికే. ఆ తీగ వెంట వచ్చిన పిడుగు తాకిడికి ఇన్‌పుట్ చిప్ షార్టయి సరఫరాను లాగేస్తోంది. ఆ తగ్గుదలకు ముందుగా ఆగిపోయింది మూడోది, అంతే.

అయిదో బోర్డు మార్చి, తీగకు పిడుగు తాకిడిని నేలకు మళ్లించే సర్జ్ అరెస్టర్ బిగించాం. పరీక్షకు ఉష్ణోగ్రత సెన్సార్ పీటీ100 స్థానంలో 100 ఓమ్‌ల నిరోధకం కలిపితే తెరపై 0 డిగ్రీలు, 138.5 ఓమ్‌లకు 100 డిగ్రీలు వచ్చాయి. పాత మూడో బోర్డు భేషుగ్గా పనిచేస్తోంది.